బైపీసీలో లెక్కలుండవు

"ఐడీ కార్డు చున్నీ కింద దాక్కుంది చూడు, పైకి తియ్యి," అన్నాడు శివాజీ బండి స్టాండు వేస్తూ. తిరుమల తీసింది. విజయవాడలో ఏడాది చదివినందుకు ఆ పిల్ల చేతికొచ్చింది ఇప్పటికి ఆ కార్డు ఒక్కటే. అందులో ఫొటో మాత్రం నవ్వుతోంది.

శివాజీ ఆమెకు మేనమామ. ఓ కార్పొరేట్ కాలేజీకి పీఆర్వో. పేరు ఘనంగా ఉంటుంది గానీ చేసేది వేటే. వేసవి వస్తే ఊరూరా తిరిగి పదో తరగతి రాసిన పిల్లల్ని కాలేజీలోకి లాగాలి. తాతలు కొల్లేట్లో వల వేస్తే ఇతను పామర్రు చుట్టుపక్కల వేస్తున్నాడు. ఈ ఏడు ఇంకా ఏమీ పడలేదు. ఇతని ఉద్యోగం నిలబడితేనే తిరుమలకి ఫీజులో రాయితీ. అందుకే సెలవులకి ఇంటికొచ్చిన పిల్లని మర్నాడే బండెక్కించాడు.

"నువ్వేం ఉపన్యాసం ఇవ్వక్కర్లా. ఈ ఇంటి పిల్లకి లెక్కలంటే చలిజొరం. బైపీసీలో లెక్కలుండవని ఒక్క ముక్క చెప్పు చాలు. చదివే పిల్ల చెబితే నమ్ముతారు."

తిరుమల కూడా అలాగే నమ్మింది. నిరుడు ఇదే మావయ్య వాళ్ల గుమ్మంలో కూర్చుని ఇదే ముక్క అన్నాడు. లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్ల, ఆ మాట వినగానే చంకలు గుద్దుకుంది. అమ్మ మంగాయమ్మ హనుమాన్ జంక్షన్లో చేపలు కోసిస్తూ, బేరానికొచ్చిన ప్రతివాళ్లకీ "మా డాక్టరమ్మ" అని చెప్పుకుంది. తీరా వెళ్లి చూస్తే లెక్కల పేపరు లేని మాట నిజమే. లెక్కలు మాత్రం ఫిజిక్సులో కాపురం పెట్టి ఉన్నాయి.

"ఇదెలా వచ్చిందని అడక్కండి. మీకు మ్యాథ్స్ లేదు, చెప్పినా ఎక్కదు. రాసుకోండి," అనేవాడు లెక్చరర్. ఎంపీసీ వాళ్లకి అదే సారు బోర్డు నిండా విడమర్చి చెబుతాడట. వీళ్లకి చిట్టచివరి వరుస ఒక్కటే విదిలిస్తాడు. తిరుమల రాసుకుంది. చిల్లికుండలో నీళ్లు పోసినట్టు ఫార్ములాలన్నీ బుర్రలో పోసుకుంది. ఆదివారం పరీక్షలో ఏటవాలు బల్ల మీంచి దిమ్మ జారుతుంటుంది. సైన్ పెట్టాలా, కాస్ పెట్టాలా? క్రితం వారం కాస్ పెడితే తప్పయింది కాబట్టి ఈ వారం సైన్ పెట్టింది. ఈసారి వాళ్లు కోణాన్ని అటువైపు నుంచి ఇచ్చారు. సోమవారం మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. అలా దిగి దిగి దసరాకల్లా ఆఖరి సెక్షన్లో పడింది. అక్కడికి లెక్చరర్లు చావింటికి పలకరింపుకొచ్చినట్టు వచ్చి పోతారు. హాస్టల్లో పక్క మంచం పిల్ల నిద్దట్లో ఫార్ములాలు కలవరించేది. దీపావళికి ఇంటికెళ్లి మళ్లీ రాలేదు. ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఆ మంచం మీద మిగతావాళ్లు పెట్టెలు పెట్టుకున్నారు.

ఎరువుల కొట్టు వెంకటసుబ్బారావు ఇంట్లో ఆయన భార్య రావమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయనకి స్టీలు గ్లాసులో, వీళ్లిద్దరికీ పేపరు గ్లాసుల్లో.

"ఏ ఊరమ్మా మీది?" అంది.

ఊరి పేరు శివాజీ చెప్పాడు.

"ఓహో, కొల్లేటి వైపు వాళ్లా. సర్లే. లెక్కలుండవంటగా? మా సుస్మిత లెక్కల పుస్తకం చూస్తే అన్నం మానేస్తది."

"మా మేనకోడల్నే అడగండి," అన్నాడు శివాజీ.

గడప దగ్గర గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డ సుస్మిత తనే అడిగింది. "అక్కా, నిజంగా ఉండవా?"

తిరుమల గ్లాసు కింద పెట్టింది.

"ఉంటాయి. పేపరు ఉండదు గానీ ఫిజిక్స్ నిండా అవే. మనకవి ఎవరూ నేర్పరు, వచ్చేసినట్టే చెప్పుకుపోతారు. ఏడాది చదివా, నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఆఖరి సెక్షన్లో ఉన్నా. నువ్వు రావద్దు."

శివాజీ చేతిలో గ్లాసు నలిగి మజ్జిగ ప్యాంటు మీదికి కారింది.

రావమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "అంత రాకపోతే నువ్వెందుకు మానలేదమ్మాయ్?"

తిరుమల నోరు తెరిచింది. చేపల బల్ల దగ్గర అమ్మ మొహం అడ్డమొచ్చింది.

"చూశారా!" అంది రావమ్మ మొగుడితో. "తను మానదంట, మన పిల్ల మాత్రం రాకూడదంట. ఎంత తెలివండీ! చేపలమ్ముకునే వాళ్ల పిల్లే నెట్టుకొస్తుంటే, ట్యూషన్లు పెట్టి చదివించిన నా కూతురు చదవలేకపోద్దా?"

"పిల్లదాన్ని అంత మాటనకే," అని వెంకటసుబ్బారావు శివాజీ వైపు తిరిగాడు. "ఏసీ క్యాంపస్సు ఉందా శివాజీ?"

"ఉందండీ. భేషుగ్గా ఉందండీ."

సుస్మిత గోళ్లు కొరకడం ఆపి వాళ్లమ్మ పక్కకి వెళ్లి నిలబడింది. మళ్లీ తిరుమల వైపు చూడలేదు. అడ్వాన్సు అక్కడే ఇచ్చేశారు.

ఊరు దాటాక కాలవగట్టు మీద శివాజీ బండి ఆపాడు. చెంప పగలగొడతాడని తిరుమల కిందికి దిగి దూరంగా నిలబడింది. అతను మాత్రం పడీపడీ నవ్వాడు.

"పై ప్రాణాలు పైనే పోయాయే నాకు! వద్దన్నావు చూడు, అక్కడ పడ్డారు. ఇన్నేళ్లూ రమ్మని బతిమాలి చెడిపోయాను."

"నేను నిజమే చెప్పాను మావయ్యా."

"నాకు తెలీదా? నీ మార్కులు సోమవారం సోమవారం నా ఫోనుకేగా వచ్చేది."

తిరుమల రెండడుగులు దగ్గరకొచ్చింది. "మరి అమ్మకి?"

"అమ్మకెందుకే పాపం, సంతోషంగా ఉంది." బండి స్టార్ట్ చేశాడు. "రేపు చల్లపల్లి. అక్కడా ఇదే చెప్పు. ఇలాగే, ఈ ఏడుపు మొహంతోనే."

తిరుమల బండెక్కలేదు. గట్టు మీద నడక మొదలెట్టింది. బండి పక్కనే నెమ్మదిగా వచ్చింది. "ఎక్కవే, ఎండ దెబ్బ తగిలి పోతావు," అంటున్నాడు శివాజీ, నిజంగానే ప్రేమగా. ఒక తూము దాటింది, రెండో తూము దాటింది. కాళ్లు కాలిపోతున్నాయి. ఇంటికి పోవాలన్నా ఆ బండే దిక్కు.

ఎక్కింది.