లేహ్యానికి సాక్షి

దగ్గు లేహ్యానికి అడ్డసరం ఆకు దంచుతుంటే దుకాణంలోంచి మా ఆయన కేకేశాడు. "వనజా, ఇట్లా వచ్చి నిలబడు."

ఎందుకో నాకు తెలుసు. తిరుత్తణిలో మా నాటుమందుల దుకాణానికి టీబీ మనిషి ఎవరొచ్చినా, ఆయన నన్ను పిలిచి చూపిస్తాడు.

నాకు జబ్బు వచ్చినప్పుడు తిరువళ్లూరు ఆస్పత్రిలో సూదులు, మాత్రలు మొదలుపెట్టారు. మధ్యలో మానకూడదని నర్సమ్మ గట్టిగా చెప్పింది. దగ్గు తగ్గి కాస్త ఒళ్లు పట్టేసరికి, "బాగయినావు గదా, ఇంకా బస్సెక్కి యాడికి? ఆడికృత్తిక తిరునాళ్లకు జనం వస్తారు, మందులు నూరేదెవురు?" అంది మా అత్త రంగనాయకమ్మ. ఆయన తల ఎత్తలేదు. నేను నూరాను. కావళ్లు మోసుకొచ్చిన జనానికి పొట్లాలు కట్టాను. చలికాలానికి దగ్గు తిరిగొచ్చింది. ఈసారి అవే మాత్రలు మింగినా తగ్గలేదు. మధ్యలో మానేసినందువల్ల క్రిమి మొండిదైందనీ, తాంబరం పోయి అక్కడి టీబీ ఆస్పత్రిలో చేరాలనీ డాక్టరు చెప్పాడు. "నెలల తరబడి నువ్వు ఆడ పండుకుంటే ఇల్లెవురు జూస్తారు? ఇంగిలీషు మందు ఓడిపోతే మన మందు ఉండాది గదా" అన్నాడు ఆయన.

అప్పటినుంచి నా లేహ్యం నేనే దంచుకుని, నేనే పాకం పట్టుకుని తింటున్నాను. గొంతుకు హాయి, కాదనను. తిన్న పూట దగ్గు నెమ్మదిస్తుంది. ఆ పూటే ఆయన నన్ను దుకాణంలోకి పిలుస్తాడు. కొంగుకు అంటిన నెత్తురు నేను బావి దగ్గర ఉతుక్కునేది ఆయన చూడడు.

ఆ రోజు వచ్చినామె వల్లియమ్మ, ఆర్.కె.పేట మనిషి. చంకలో పాప.

"ఈమెను జూడు. ఆస్పత్రి మందుకు లొంగని టీబీ, మన లేహ్యంతో ఎట్లుండాదో. నువ్వూ ఆ మాత్రలు మానెయ్."

ఆమె సంచి విప్పడానికి పాపను బల్లమీద నా పక్కన కూర్చోబెట్టింది. పాప నా గాజులు పట్టుకుంది.

"నిజమా అక్కా? ఆ మాత్రలు మింగితే కడుపులో తిప్పతాది. మానేసేదా?"

ఆ ఇంట్లో నన్నొక మాట అడిగి, జవాబు కోసం ఆగిన మనిషి ఆమె ఒక్కతే.

"మానొద్దు. లేహ్యం కావాలంటే దాంతోపాటు తిను. మాత్రలు మాత్రం చివరిదాకా మింగు. నేను మధ్యలో మానేసినాను. ఇప్పుడు నాకు ఏ మందూ పట్టడంలేదు. నిన్నగూడా నెత్తురు పడింది."

"లోపలికి పో" అన్నాడు ఆయన, మెల్లగా.

వల్లియమ్మ సంచి మూసింది. నా మొహం చూడకుండా, పాప వేళ్లు ఒక్కొక్కటే నా గాజుల మీదనుంచి విడదీసి, ఎత్తుకుని వీధిలోకి దిగింది. పాప ఏడ్చింది. తల్లి చేసింది సరైన పనే. అయినా పాపవైపు చాచిన నా చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

నేను లోపలికి పోలేదు. గడప దాటాను.

"బస్టాండుకేనా పోయేది? నేనూ తాంబరం పోవాల. మీరు ముందు నడవండి. నేను దూరంగా వస్తా."