జామలంక పాసుపుస్తకాలు

పాతరేవు పోస్టాఫీసు గోడకి ఒక చెక్క బోర్డు ఉంది. నల్లరంగు మీద తెల్లక్షరాలు. ఆ ఆఫీసులో పనిచేసిన పోస్టుమాస్టర్ల పేర్లన్నీ దాని మీద వరసగా రాసి ఉంటాయి. అన్నీ మగవాళ్ల పేర్లే. ఉషారాణి గుమస్తాగా చేరిన నాటి నుంచి ఆ బోర్డు కిందే కూర్చుని స్టాంపులమ్మింది, మనియార్డర్లు కట్టించుకుంది, కంప్యూటర్లొచ్చాక వాటితోనూ కుస్తీ పట్టింది. మే నెలలో చంద్రరావుగారు రిటైరయ్యాక ఆయన కుర్చీ ఆవిడకే వచ్చింది. కాకపోతే ఇన్‌చార్జి. ఇన్‌చార్జి అంటే ఏంటంటారా? తాళాలు మోయాలి, తిట్లు తినాలి, సర్వర్ పనిచేయకపోతే జనానికి సమాధానం చెప్పాలి. పేరు మాత్రం బోర్డెక్కదు. అసలు ఆర్డరు పైనుంచి రావాలి. అది రావాలంటే ముందు ఇన్‌స్పెక్టరుగారు ఆఫీసు తనిఖీ చేసి మంచి రిపోర్టు పంపాలి.

ఆవిడకి ఆ బోర్డు మీద ఆశ ఉంది. లేదని ఎవరితోనూ బుకాయించలేదు కూడా. "ఇన్నేళ్లు చేశాను, ఆ మాత్రం ఆశ ఉండదా ఏంటి?" అని మొగుడితోనే అనేసింది.

ఇక్కడ జామలంక సంగతి చెప్పాలి. పాతరేవు గట్టు మీద నిలబడితే ఎదురుగా గోదావరి మధ్యలో కనిపించే ఊరది. అరటి తోటలు, కంద చేలు, ఓ చర్చి, నూటికి పైగా ఇళ్లు. ఏటా వానాకాలంలో ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగరేశారంటే చాలు, లంక జనమంతా పడవలెక్కి ఇవతలికొచ్చేస్తారు. గేదెల్ని గట్టు మీద కట్టేస్తారు. ముసలాళ్లనీ పిల్లల్నీ హైస్కూల్లో దించుతారు. ఆ తర్వాత తిన్నగా పోస్టాఫీసుకి వస్తారు. రొంటిన దోపుకున్న పాసుపుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టి, "ఇది ఉంచండమ్మాయిగారూ" అని వెళ్లిపోతారు.

ఎప్పుడో ఓ పెద్ద వరదలో ఊరి పుస్తకాలన్నీ నాని ముద్దయ్యాయట. మళ్లీ కొత్తవి తెచ్చుకునేసరికి వాళ్లకి తల ప్రాణం తోకకొచ్చిందట. అప్పటి నుంచీ ఇదే అలవాటు. నీళ్లొస్తే పుస్తకాలు పోస్టాఫీసులో ఉండాలి.

పుస్తకం తీసుకుంటే రశీదు ఇవ్వాలి. రశీదు లేకుండా జనం పుస్తకం ఒక్కటి కూడా ఆఫీసులో ఉండకూడదు. ఈ నియమం ఉషారాణికి తెలియదా? భేషుగ్గా తెలుసు. కాని తడిబట్టలతో, చంకలో ఏడ్చే పిల్లతో వచ్చిన మనిషిని నిలబెట్టి రశీదు ఎక్కడ రాస్తుంది? పైగా రాయబోతే నొచ్చుకుంటారు. "మీ దగ్గర కూడా చీటీలేంటండీ, మేమేమన్నా పరాయోళ్లమా?" అంటారు. అందుకని చంద్రరావుగారి కాలంలో ఎలా జరిగిందో ఆవిడ హయాంలోనూ అలాగే జరిగిపోయింది. ఆగస్టు వరదకి వచ్చిన పుస్తకాలన్నీ ఇనప బీరువాలోకి వెళ్లాయి. నీళ్లు తీశాక కొందరు పట్టుకెళ్లారు. చాలామంది పట్టుకెళ్లలేదు. "మళ్లీ వరదొస్తే మళ్లీ మోసుకురావాలి కదండీ, ఉండనివ్వండి" అన్నారు. ఆవిడా ఉండనిచ్చింది.

అక్టోబరులో కొత్త ఇన్‌స్పెక్టరు ఆంజనేయరాజుగారు తనిఖీకి దిగారు. భీమవరం వైపు మనిషి. మాటకి ముందు అండి, వెనక అండి. కాని కళ్లు మాత్రం గెద్ద కళ్లు. పొద్దున్న నగదు చూశారు, స్టాంపులు చూశారు, పైసా తేడా రాలేదు. ఉషారాణి మనసు తేలికపడింది. మధ్యాహ్నం కావస్తుండగా ఆయన ఇనప బీరువా తెరిపించారు.

"ఇవేంటండి?" అన్నారు, ఎర్రదారంతో కట్టిన పాసుపుస్తకాల కట్టలు చూసి.

ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. వరద, పడవలు, తడిచేతులు, అలవాటు. ఆయన అడ్డు రాకుండా అంతా విన్నారు.

"రశీదులండి?"

"ఇవ్వలేదండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూడండమ్మా, కిందటేడు ఇంకో చోట ఒకాయన ఇలాగే పుస్తకాలు దగ్గర పెట్టుకున్నాడండి. జనం దేవుడన్నారు. తీరా చూస్తే ముసలాళ్ల సొమ్మంతా స్వాహా. ఆ కాగితాలు చూసి నాకు వారం రోజులు అన్నం సహించలేదు."

"నేనలాంటిదాన్ని కాదండి!" ఆవిడ గొంతు పెద్దదైంది.

"నేను నమ్ముతున్నానండి. కాని నా నమ్మకం రాయడానికి రిపోర్టులో గడి లేదు. రేపు పొద్దున్న వీళ్లందర్నీ పిలిపించండి. ఒక్కొక్కరి ఖాతా వాళ్ల ఎదురుగానే చూడాలి." ఇంతే చెప్పి ఆయన భోజనానికి వెళ్లిపోయారు.

ఉషారాణికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క మాట పడలేదే! ఉక్రోషం పట్టలేక చంద్రరావుగారికి ఫోన్ చేసింది.

ఆయన అంతా విని, "ఓస్, దీనికేనా అమ్మా ఉషా! రశీదు పుస్తకం అక్కడే ఉందిగా. ఆగస్టు తేదీలేసి రాసి పడెయ్యి. కంగారులో ఇవ్వలేదన్నాను గాని వెతుకుతుంటే దొరికిందని చెప్పు. లంకవాళ్లు నీ మాట కాదంటారా?" అన్నారు.

కాదనరు. అదే కదా అసలు చిక్కు. ఆవిడ రశీదు పుస్తకం తెరిచింది. పెన్ను మూత తీసింది. కట్టలో అన్నిటికన్నా పైనున్నది సువార్తమ్మ పుస్తకం. అరవై దాటిన మనిషి, అరటి తోటల్లో కూలి. మొగుడు పోయినా, తుఫాను కొట్టినా పోస్టాఫీసులో డబ్బు వేయడం మానలేదు. ఆదివారం చర్చి తప్పదు, నోట అబద్ధం రాదు. "మీకు రశీదు ఇచ్చారా అమ్మా?" అని రేపు రాజుగారు అడిగితే, ఉషారాణి మొహం చూసి, "ఆయ్, ఇచ్చారండి" అనేస్తుంది. ఎన్నడూ ఆడని మనిషి తన కోసం అబద్ధమాడుతుంది. ఆ ఊహ రాగానే ఉషారాణికి సిగ్గేసింది. పెన్ను మూత పెట్టేసింది. రశీదు పుస్తకం అలా తెరిచే ఉండిపోయింది. రాజుగారు తిరిగొచ్చి ఆ తెల్లకాగితం కేసి ఓసారి, ఆవిడ కేసి ఓసారి చూశారు.

మర్నాడు పడవల మీద లంక లంకంతా దిగింది. పోస్టమ్మాయిగారికి ఏదో కష్టమొచ్చిందని తెలిసి పని చీరలు మాని చర్చి చీరలు కట్టుకుని మరీ వచ్చారు. మంచి చెప్పాలని వచ్చినవాళ్లే. తమ మంచితనంతో ఆవిడ కొంప ముంచుతున్నామని పాపం వాళ్లకేం తెలుసు!

మొదట సువార్తమ్మే కూర్చుంది.

"మీ ఖాతాలో ఎంతుందమ్మా?" అన్నారు రాజుగారు.

"అదంతా అమ్మాయిగారికి తెలుసండి."

"పుస్తకం ఎప్పుడన్నా చూసుకున్నారా?"

"నేనెందుకండీ చూడ్డం? ఆరు చూత్తారు కదా!"

"రశీదు ఇచ్చారా?"

"మా మధ్యన రశీదులేంటండి బాబూ! ఆరడిగితే నేను దాచుకున్న పుస్తెలతాడు కూడా ఇచ్చేత్తాను, చీటీ అడుగుతానా?"

వెనక బల్ల మీద కూర్చున్నవాళ్లంతా ఆయ్ ఆయ్ అని తలలూపారు. ఉషారాణి కళ్లు గట్టిగా మూసుకుంది. ఓరి దేవుడా, కిందటేడు ఆ మోసగాడి గురించీ జనం సరిగ్గా ఇవే మాటలు చెప్పి ఉంటారు. ఆ ఆలోచన వచ్చేసరికి ఆవిడకి రాజుగారి మీద కోపం సగం దిగిపోయింది. ఈ మనిషికి తనకీ వాడికీ తేడా ఎలా తెలియాలి మరి?

రాజుగారు విసుక్కోలేదు. ఖాతా కాగితం ముందు పెట్టుకుని, "పోనీ, డబ్బు ఎప్పుడు తీశారో గుర్తుందా?" అన్నారు.

"గుర్తులేకేమండి! మా మనవరాలు మెర్సీ నర్సింగులో చేరినప్పుడు తీశాను. ఆ తర్వాత కంద అమ్మిన డబ్బు గుడ్‌ఫ్రైడే ముందు వేశాను. చర్చికి రేకులు మార్చినప్పుడు కాత్త తీశాను. అంతే."

ఆయన వేలు కాగితం మీద ఒక్కో గీత దగ్గరా ఆగుతూ కిందికి దిగింది. మెర్సీ కాలేజీ ఉంది. కంద ఉంది. రేకులున్నాయి. అంతకన్నా ఒక్క గీత ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఇలా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, పెళ్లిళ్లూ గేదెల ఈతలూ ఇంటి కప్పులూ అన్నీ వాళ్ల నోటే చెప్పించి, పొద్దు వాలేదాకా చూశారాయన. భోజనానికి కూడా లేవలేదు. లంకవాళ్లు తెచ్చిన అరటిపళ్లు ముట్టుకోలేదు. మంచినీళ్లు మాత్రం తాగారు.

అందరూ పుస్తకాలు తీసుకుని పడవలెక్కాక రిపోర్టు ఆవిడ ముందు పెట్టారు. రశీదులు ఇవ్వకపోవడం తప్పని స్పష్టంగా ఉంది. కింద, ప్రతి ఖాతా సొంతదారు సమక్షంలో సరిచూశామని, అన్నీ సరిపోయాయని కూడా అంతే స్పష్టంగా ఉంది.

"ఇంక బోర్డు మీద ఆశ వదిలేసుకోవచ్చా అండి?" అంది ఆవిడ సంతకం పెడుతూ.

"అది పైవాళ్ల చేతిలో ఉందండి. నా చేతిలో ఉన్నది నేను చేశాను. తనిఖీ అంటే మిమ్మల్ని పట్టుకోడానికే అనుకుంటారు గాని, కాదండమ్మా. రేపెవడన్నా వచ్చి 'ఉషారాణి మా డబ్బు తినేసింది' అన్నాడనుకోండి, ఈ కాగితం వాడి నోరు మూయిస్తుంది. నిన్న ఆ రశీదులు గనక రాసేసి ఉంటే మాత్రం నేనూ మిమ్మల్ని కాపాడలేకపోయేవాణ్ణి."

ఆవిడ లేచి నిలబడి దణ్ణం పెట్టింది. నిన్నంతా మనసులో ఎన్ని తిట్టుకుందో! రోజంతా పస్తుండి తన మంచిపేరుని రూపాయి రూపాయిగా లెక్కచూసి అప్పజెప్పిన మనిషి ఆయన. ఇంట్లోవాళ్లు కూడా ఆవిడకి అంత మేలు చేసి ఎరగరు. ఆ మాటే ఆయనతో అనేసింది. రాజుగారు ఇబ్బందిపడి సంచీ సర్దుకున్నారు.

ఆర్డరు క్రిస్మస్ ముందు వచ్చింది. ఒకే కవర్లో రెండు కాగితాలు. ఒకటి హెచ్చరిక మెమో, రెండోది పాతరేవు పోస్టుమాస్టరుగా నియామకం. ఉషారాణి మెమోని కూడా కళ్లకద్దుకుంది. పెయింటరు వచ్చి బోర్డు మీద ఆవిడ పేరు రాస్తుంటే, కౌంటర్ దగ్గర జనాన్ని ఆపి మరీ చూస్తూ నిలబడింది. నిలబడదా మరి!

మళ్లీ జూలై వచ్చింది, గోదావరి వచ్చింది. హెచ్చరిక ఎగరేశారు. ఈసారి ఆవిడ ముందే సిద్ధమైంది. వరండాలో బల్ల వేయించి, రశీదు పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పక్కన ఓ కట్ట ప్లాస్టిక్ సంచులు కూడా ఉన్నాయి. రొయ్యపిల్లల్ని నీళ్లతో సహా చెరువులకి మోసే మందపాటి సంచులవి. లంకవాళ్లు నొచ్చుకున్నారు, గొణిగారు. ఆవిడ వినలేదు. రశీదు తీసుకోనివాళ్ల పుస్తకం ముట్టనని తేల్చి చెప్పింది.

సువార్తమ్మ పుస్తకమిచ్చి రశీదు తీసుకుంది. మెట్లు దిగింది. ఏమనుకుందో వానలోనే వెనక్కొచ్చి ఆ రశీదు బల్ల మీద పెట్టింది.

"ఇది కూడా మీ కాడే ఉంచండమ్మాయిగారూ. బళ్లో జనం తొక్కేత్తారు, తడిసిపోద్ది."

ఉషారాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. రశీదుని మడిచి రొయ్యపిల్లల సంచీలో పెట్టి, మూతి బిగించి, పురికొస కట్టి సువార్తమ్మ మెళ్లో వేసింది.

"ఇది కాగితం కాదు సువార్తమ్మగారూ, నా ఉద్యోగం. ఇన్నాళ్లూ మీవన్నీ నేను దాచాను. ఇది మాత్రం మీరు దాచిపెట్టాలి. పోయిందంటే నేనూ పోయినట్టే."

సువార్తమ్మ మొహంలో నవ్వు మాయమైంది. "అమ్మో, అంత పెద్దదాండి ఇది!" అని రెండు చేతులా సంచీని గుండెలకి అదుముకుని, గొడుగు కూడా తెరవకుండా స్కూలు వైపు వెళ్లిపోయింది.

నీళ్లు వారం దాకా తీయలేదు. తీసిన రోజు పొద్దున్నే, ఉషారాణి తాళాలు పట్టుకుని వచ్చేసరికి పోస్టాఫీసు మెట్ల మీద సువార్తమ్మ కూర్చుని ఉంది. లంకలో ఆవిడ ఇంటి గోడ ఒకటి పడిపోయిందని అప్పటికే కబురొచ్చింది. అయినా ముందు ఇక్కడికే వచ్చింది. మెళ్లోంచి పురికొస తీసి, సంచీ విప్పి, పొడిగా ఫెళఫెళలాడుతున్న రశీదుని ఉషారాణి చేతిలో పెట్టింది.

"ఇదిగోండి మీ ఉద్యోగం. చుక్క తడవలేదు, చూసుకోండి."