కుడివైపు చారలు

మా ఆయన బూట్లు తుడవడం నా ఉద్యోగం కాదు. ఉద్యోగమైతే ఆదివారం సెలవుండేది. ఆ రోజు ఆదివారమే, నేను బూట్లు తుడుస్తున్నాను. ఒక్కో బూటుకి అంటిన బురదతో ఇంకో చిన్న ఇల్లు కట్టుకోవచ్చు. మా ఆయన, పేరు సలాష్, గోడకి ఆనుకుని కూర్చుని, జేబులోంచి ఒక కాగితం తీసి నా ఒళ్ళోకి విసిరాడు.

"ఏం రాశారో చదివి రెండు ముక్కల్లో చెప్పు, నైసియే వాళ్ళమ్మా."

నన్నెప్పుడూ మా అమ్మాయి పేరుతోనే పిలుస్తాడు. ఆయనకి చదవడం రాక కాదు. సఫారీ క్యాంపులో పెద్ద గైడు, ఆరు దేశాల భాషల్లో "అదిగో సింహం" అనగలడు. కాగితాల మీద పెట్టి కళ్ళు అరగదీసుకోవడం ఇష్టం ఉండదంతే. సింహాల కోసం దాచుకుంటాడు. నా కళ్ళయితే అరిగినా పరవాలేదు, అవి క్యాంపు లాండ్రీలో దుప్పట్ల మీది మరకలు వెతకడానికే కదా.

ఒక చేత్తో బూటు, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని చదివాను. నైరోబీ నుంచి జీబ్రాల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఒకావిడ వస్తోంది. మారా అడవిలో మా వైపు తిరిగే జీబ్రాలను ఒక్కోదాన్నీ గుర్తుపట్టి, ఏది ఈనింది, ఏది చచ్చింది అని రాసే మనిషి కావాలట. ఏడాది పొడుగునా జీతం, ఒక ఆకుపచ్చ చొక్కా, ఒక దుర్భిణి. కాగితంలో మూడు ముక్కలున్నాయి. ఒకటి, పరీక్ష నెలరోజుల్లో. రెండు, చదువు కన్నా చూపు ముఖ్యం. మూడు, జీబ్రా కుడివైపు చారలు మాత్రమే లెక్కలోకొస్తాయి. ఎడమవైపు చారలు వేరు, కుడివైపు చారలు వేరు కాబట్టి, రెండువైపులా ఫోటోలు తీస్తే ఒకే జంతువు రెండుగా లెక్క పడుతుంది. అందుకని వాళ్ళ ఫోటోలన్నీ కుడివైపువే, పరీక్షా కుడివైపే.

రెండు ముక్కల్లో చెప్పమన్నాడు. రెండే చెప్పాను.

"ఇంతేనా? ఈ ఉద్యోగం నాదే. అడవి నా అరచెయ్యి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏదీ, ఆ జీబ్రాలకి నువ్వేవో పేర్లు పెట్టావు కదా, అవి నాకు నేర్పు" అన్నాడు.

ఆ ఉద్యోగం నాకు కావాలి. ఆకలేసిన మనిషికి అన్నం కావాల్సినంత కాదు, అంతకన్నా ఎక్కువ. పెళ్ళయిన ఎనిమిదేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఊటకి నీళ్ళకి వెళ్తున్నాను. జీబ్రాలూ ఆ దారి పక్కనే మేస్తూ నాలాగే ఊటకి వెళ్ళి వస్తాయి. వెళ్ళేటప్పుడు వాటి ఎడమ పక్క చూస్తాను, వచ్చేటప్పుడు కుడి పక్క చూస్తాను. ఇరవై లీటర్ల క్యాను వీపు మీద, దాని పట్టీ నుదుటి మీద ఉన్నప్పుడు మెడ తిప్పడానికి ఉండదు కాబట్టి కనబడిందాన్నే మళ్ళీ మళ్ళీ చూడాలి. అలా నలభై ఒక్క జీబ్రాలు నా కళ్ళలో కాపురం పెట్టాయి. గుంపుని నడిపేది ముసలి ఆడదని నాకు తెలుసు. మగది అందరికన్నా వెనకాల వస్తూ, మొత్తం తనే నడిపిస్తున్నట్టు మొహం పెడుతుంది. దీన్ని మా ఆయన అతిథులకి తలకిందులుగా చెప్తాడు. చాలాసార్లు సరిచేశాను. "మగది వెనక నడుస్తుందంటే డబ్బిచ్చి వచ్చినవాళ్ళు బాధపడతారే" అన్నాడు. ఏ గుంపు ఎక్కడుందో ప్రతి సాయంత్రం నేను ఆవు పొదుగు దగ్గర కూర్చుని ఉండగా అడిగి తెలుసుకుంటాడు. మర్నాడు బండి సరిగ్గా అక్కడికే పోనిచ్చి, గాలి వాసన చూసి కనుక్కున్నట్టు ముక్కు ఎగరేస్తాడు. ఆ ముక్కుని మెచ్చుకుంటూ స్వీడన్ నుంచి ఉత్తరాలొచ్చాయి. మా అత్త వాటిని పెట్టెలో దాచింది. జీబ్రాలు చూసింది నేను కదా అని ఒకసారి నోరుజారితే, "వాడు చెప్తే విమానాలెక్కి వచ్చినవాళ్ళు వింటారు. నువ్వు చెప్తే మేకలు కూడా తల తిప్పవు" అంది. నేను మేకల వైపు చూశాను. నిజంగానే తిప్పలేదు.

అదంతా పోనీ. పోయిన ఎండాకాలం ఊట దగ్గర బండి ఆపాడు చూడండి, అది మాత్రం పోనివ్వను. నేను నీళ్ళు నింపుకుని లేస్తున్నాను. అవతల ఒక ఆడ జీబ్రా ఈనడానికి సిద్ధంగా ఉంది. ఆ మాట పొద్దున నేనే చెప్పాను. బండిలో ఒకావిడ నన్ను చూపించి, "ఆమెకి కూడా వీటి గురించి తెలుసా?" అని అడిగింది. మా ఆయన గట్టిగా, "మా ఆడవాళ్ళకి జీబ్రాకీ గాడిదకీ తేడా తెలీదు మేడం. దొరికితే పట్టుకుని నీళ్ళు మోయిస్తారు" అన్నాడు. ఎంత నవ్వారంటే అవతలి గట్టు మీది కొంగలు లేచి టాంజానియా వెళ్ళిపోయాయి, ఇప్పటికీ రాలేదు. ఒకాయనకి నవ్వి నవ్వి టోపీ ఊడి కింద పడింది. క్యాను దించకుండా వంగి దాన్ని కూడా నేనే తీసిచ్చాను. ఆయన నాకో బిస్కెట్టు ఇచ్చాడు.

ఆ బిస్కెట్టు ఇంకా నాకు అరగలేదు.

అందుకని నేర్పాను. చాలా శ్రద్ధగా నేర్పాను. అట్టపెట్టెలు చింపి, బొగ్గుతో ఒక్కో జీబ్రానీ గీశాను. చార తప్పుంటే చెరిపి మళ్ళీ గీశాను. ఒక్క అబద్ధం లేదు. నలభై ఒక్క జీబ్రాలూ ఎడమవైపే ఉన్నాయి, అంతే. మా ఆయన చాప మీద పడుకుని, నేను ఉగాలి సంకటి కలుపుతుంటే అప్పజెప్పేవాడు.

"పొట్ట మీద నిచ్చెన... ఇది పాస్టరమ్మ."

"అవును."

"తొడ మీద చిరిగిన దుప్పటి... మూడో పెళ్ళాం."

"భలే."

"ఏమే, ఇవన్నీ ఒకే వైపు తిరిగున్నాయేంటి?"

"గాలి అటునుంచి వస్తోంది" అన్నాను.

గాలి పేరు చెప్తే మా ఆయన ఇంకేమీ అడగడు, అది ఆయన శాఖ.

పరీక్షకి ముందురోజు ఆయనకి కొంచెం భయమేసింది. "నువ్వూ రా. టీ పోయడానికని చెప్తాను. నేను ఇరుక్కుంటే దగ్గుతాను, నువ్వు మన భాషలో పేరు చెప్పెయ్. ఆవిడ కికుయు జాతి మనిషి, మన మాట ఒక్కటీ అర్థం కాదు" అన్నాడు.

"చెప్తే నాకేంటి?"

"నా పెళ్ళానివి కదే!" అన్నాడు, అదే జీతమన్నట్టు.

డాక్టర్ న్యోకాబి పొట్టిగా, గట్టిగా ఉంది. బండి తనే నడిపింది. మా ఆయన పక్క సీట్లో, నేను వెనక టీ ఫ్లాస్కుతో. గడ్డి మధ్య గుంపు కనబడగానే ఆవిడ చుట్టూ తిప్పి, జీబ్రాల కుడి పక్క మా వైపు ఉండేలా ఆపింది.

"ఆ ముందరది ఎవరు?"

మా ఆయన చూశాడు. కళ్ళు చిట్లించాడు. తన సొంత అత్తారింటి పెళ్ళిలో ఎవరినీ గుర్తుపట్టలేని మనిషిలా నవ్వాడు. "మేడం, కొంచెం అటువైపుకి పోదామా?"

"ఎందుకు?"

"గాలి..."

"కుడివైపే చూడాలి. కాగితంలో ఉంది కదా."

మా ఆయన మెడ మెల్లగా నా వైపు తిరిగింది. నేను ఫ్లాస్కు మూత బిగిస్తున్నాను. తర్వాత ఆయన దగ్గాడు.

"గొంతు బాలేదా? టీ తాగు" అని కప్పు అందించాను.

రెండో జీబ్రాకి దగ్గాడు. కప్పు అందించాను. ఐదో జీబ్రాకి వచ్చేసరికి ఆయన దగ్గుకి బండి ఊగింది, గుంపులో సగం పారిపోయింది. "నైసియే వాళ్ళమ్మా, ఎవత్తే అది, చచ్చిపోతున్నా, చెప్పు!" అన్నాడు మా భాషలో.

"మా ఆడవాళ్ళకి జీబ్రాకీ గాడిదకీ తేడా తెలీదు కదా" అన్నాను, అదే భాషలో.

ఆయన మొహం చూడాలి మీరు. ఎనిమిదేళ్ళ నీళ్ళ క్యాన్లన్నీ ఒక్కసారి కిందికి దించినట్టయింది నాకు.

"ఈయనకి దగ్గు ఎన్నాళ్ళనుంచి?" అంది డాక్టరమ్మ నాతో. "సరే, బెదిరిన జంతువులతో పని జరగదు. ఫోటోలు చూద్దాం." ఒక ఫోటో ఆయన చేతిలో పెట్టింది. మా ఆయన దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. చివరికి తిప్పి, వెనకవైపు చూశాడు. తెల్ల కాగితం. అక్కడా ఏ జీబ్రా లేదు. నాకు నవ్వొచ్చింది, కాని నేను టీ పోయడానికి వచ్చిన మనిషిని, అలాంటివాళ్ళు నవ్వరు.

డాక్టరమ్మ ఆయన కాగితం మీద గీత కొట్టి పక్కన పెట్టింది. ఫైల్లోంచి ఇంకోటి తీసింది. "రెండో దరఖాస్తు. క్యాంపు లాండ్రీ నుంచి... సిలాంతోయి. ఆమె ఎక్కడుంటుందో మీకు తెలుసా?"

మా ఆయన నోరు తెరిచాడు. అందులోంచి దగ్గు కూడా రాలేదు.

"నేనేనండీ" అని ఫ్లాస్కు కింద పెట్టాను.

"ఇదెప్పుడు రాశావే?" అన్నాడు ఆయన.

"నీ దరఖాస్తు నన్నే నింపమన్నావు కదా. కలంలో సిరా మిగిలింది."

ఫోటోలు ఒక్కొక్కటే చూపించింది. భుజం మీద తెగిన చెప్పు, పాస్టరమ్మ, పోయిన వానల్లో ఈనింది, పిల్లని హైనాలు తీసుకుపోయాయి. మెడ కింద కోడికాలు, మూడో పెళ్ళాం, పాస్టరమ్మ కూతురు. ఇది మగది కాదండీ, క్యాంపు బోర్డు మీద మగదని రాశారు కాని ముగ్గురు పిల్లల తల్లి. ఇది ముసలిది, గుంపుకి దారి చూపించేది ఇదే, పోయిన నెల ఇది దవడ మీద తన్నితే ఒక మగదానికి రెండు పళ్ళూడాయి. ముప్పై ఫోటోలయ్యాయి. ముప్పయ్యో ఫోటో దగ్గర డాక్టరమ్మ రాయడం ఆపేసి నన్నే చూస్తూ ఉండిపోయింది. నా జన్మలో ఎవరూ నా మాట మధ్యలో పడకుండా అంతసేపు విన్నది లేదు, మేకలతో సహా.

"ఇంటికి పద, చెప్తాను" అన్నాడు మా ఆయన పళ్ళ మధ్య నుంచి.

"చెప్పు. నేను కూడా చాలా చెప్పాలి" అన్నాను.

డాక్టరమ్మ ఫైలు మూసింది. "సోమవారం నుంచి రండి. చొక్కా కొలత ఇచ్చి వెళ్ళండి. మీకు బండి కావాలి, నేను ఎప్పుడూ ఉండను. క్యాంపు వాళ్ళు ఒక డ్రైవర్ని ఇస్తామన్నారు." పక్క సీటు వైపు అనుమానంగా చూసింది. "ఈయనకి జీబ్రాలు తెలీవు. బండి నడపడమైనా వచ్చా?"

మా ఆయన నా వైపు చూశాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, నేనేం చెప్తానో తెలియక చూశాడు. నాకు తొందరేం లేదు. కప్పులో మిగిలిన టీ నేనే తాగాను, మెల్లగా, అడుగుదాకా.

"నడపడం బాగానే వచ్చు మేడం" అన్నాను. "ఎటు పోవాలో నేను చెప్తాను."