వాకిట్లో మకాం

పాత ట్రైలర్ కొన్నవాడు సలహాల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. అవే వాకిట్లోకి నడిచొస్తాయి. అందులోనూ గోషెన్‌లో. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఆ చక్రాల ఇళ్ళను ఫ్యాక్టరీల్లో తయారుచేసి నడుములు పోగొట్టుకున్నవాళ్ళే ఆ ఊళ్ళో సగం మంది. మిగతా సగం వాళ్ళ అల్లుళ్ళూ కోడళ్ళూ. జూన్ నెలలో ఒక శనివారం పొద్దున వెర్లిన్ హోస్టెట్లర్ ఓ పాత ట్రైలర్‌ని లాక్కొచ్చి ఇంటిముందు ఆపాడో లేదో, వీధి వీధంతా కాఫీ కప్పులతో దిగింది.

"కొక్కెం విప్పకముందే చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టరా వెర్లిన్. తర్వాత చూద్దాంలే అనుకున్నావంటే అది వీధి చివరికెళ్ళి నీకోసం ఎదురుచూస్తుంది" అన్నాడు ఎదురింటి మెర్ల్. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు పక్కపక్కన మేకులు కొట్టినవాళ్ళు.

"నాకు తెలీదట్రా?"

"చెయ్యడం తెలుసు. కాపురం చెయ్యడం తెలీదు. నేల తొక్కి చూశావా? తలుపు దగ్గర, మూలల్లో మడమతో గట్టిగా తొక్కాలి. మెత్తగా తగిలిందంటే లోపల చెక్క నానిపోయినట్టే. అమ్మేవాళ్ళు పైన కొత్త షీటు పరిచి, లోపల సెంటు కొట్టి అంటగడతారు."

"తొక్కాను, గట్టిగానే ఉంది."

"నీ మడమకేం తెలుస్తుంది, నీ బుర్రకే తెలీనప్పుడు" అని మెర్ల్ తనే లోపలికెక్కి, ఇల్లంతా దబదబా తొక్కి, ఏ లోపమూ దొరకనందుకు కాస్త చిన్నబుచ్చుకుని దిగాడు.

లోర్నా వరండా మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. మొగుడు తనకో మాట చెప్పకుండా చేపలు పట్టే పడవని అమ్మేసి ఈ పాత బండి తెచ్చాడు. ఇంకొకావిడైతే ఇల్లెగిరిపోయేలా అరిచేది. లోర్నాకి కోపం రాలేదు. కోపం రావడానిక్కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

అత్తగారు ఆర్డిత్ తుంటి విరగ్గొట్టుకుని ఈ ఇంటికొచ్చి మూడేళ్ళయింది. ఆవిడ మంచం పక్కన ఒక చిన్న ఇత్తడి గంట ఉంటుంది. అది మోగితే లోర్నా లేవాలి. నీళ్ళకి మోగుతుంది, దుప్పటికి మోగుతుంది, బాత్రూముకి మోగుతుంది, ఒక్కోసారి ఊరికే, ఎవరైనా ఉన్నారో లేదోనని మోగుతుంది. పగలు లోర్నా బడి వంటశాలలో పనికి పోతుంది, ఆ కాసేపూ పక్కవీధి అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. రాత్రుళ్ళు మాత్రం లోర్నావే. వెర్లిన్ గురక పెడతాడని వెనక గదిలో పడుకుంటాడు. ఫ్యాక్టరీ మోతకి చెవులు దెబ్బతిన్నాయి, పడుకునేముందు చెవి మిషన్ తీసి గిన్నెలో పెడతాడు. పొద్దున్నే ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి, "అమ్మ రాత్రి హాయిగా పడుకున్నట్టుందే" అంటాడు.

లోర్నా చెప్పలేదా అంటే, చెప్పింది. "అలిసిపోతున్నానయ్యా" అంటే "మనకీ వయసొస్తోంది కదా" అనేవాడు. ఏప్రిల్‌లో ఆవిడ బడిలో పిల్లలకి వడ్డిస్తూ వడ్డిస్తూ నిలబడే నిద్రపోయి, వేడి గ్రేవీ చెయ్యంతా పోసుకుంది. మనిషికి విశ్రాంతి కావాలి, లేకపోతే ఈసారి కాలేది చెయ్యి ఒక్కటే కాదు అన్నాడు డాక్టరు. అప్పుడు వెర్లిన్ నిజంగానే భయపడ్డాడు. భయపడి ఆలోచించాడు. ఆలోచించి, ఇదిగో, ఈ ట్రైలర్ కొన్నాడు.

"రా, చూద్దువుగాని" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. పెళ్ళయిన కొత్తలో కూడా అంత ముచ్చటపడలేదు. "ఉత్తరాన ఆ పెద్ద సరస్సు ఒడ్డున పది రోజులుందాం. నువ్వు ఇసకలో కూర్చుని కాళ్ళు చాపుకో, అంతే. ఇదిగో, ఈ బల్ల కిందికి దించితే మంచమైపోతుంది. ఇది అమ్మకి. ఎదురుగా ఈ బెంచీ నీకు. రాత్రి నీళ్ళు అడిగినా చెయ్యి చాపి ఇవ్వొచ్చు, లేవనక్కర్లేదు కూడా! నేను ఆ చివర పెద్ద మంచం మీద."

లోర్నా బల్లని చూసింది, బెంచీని చూసింది. ఇంట్లో గోడ అవతల మోగే గంట ఇక చెవి పక్కనే మోగుతుందన్నమాట. సరస్సు ఒడ్డున కూడా. ఏదో అందామని నోరు తెరిచింది గానీ, ఆ మొహంలో అంత సంబరం చూసి మింగేసింది. "బావుంది" అని దిగొచ్చేసింది. వరండాలోకి వచ్చాక ఏడుపొచ్చింది. పదేళ్ళపాటు నిద్రపోవాలనిపించింది.

బయట మెర్ల్ తన సలహాల్లో పెద్దదాన్ని తీశాడు. "మొదటి మకాం నీ వాకిట్లోనే చెయ్యరా. ఈ రాత్రికి ఇందులోనే తిను, ఇందులోనే పడుకో. ఇల్లు వంద మైళ్ళ దూరంలో ఉందనుకో. ఉప్పు మర్చిపోయినా లోపలికి పోకూడదు, ఉప్పు లేకుండానే తినాలి. అప్పుడుగాని ఏం తక్కువైందో, ఏది పనిచెయ్యదో తెలీదు. ఇక్కడైతే నవ్వేది మేమే. అక్కడైతే ఊరుకాని ఊళ్ళో నవ్వులపాలవుతావు."

వెర్లిన్ దాన్ని శాసనం చేసేశాడు. "ఇవాళ ఎవరూ ఇంట్లోకి పోకూడదు!"

వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆర్డిత్ ఆ మాట వింది. "ఒరేయ్, ఎనభై ఎనిమిదేళ్ళు బతికింది కుక్కలా వాకిట్లో పడుకోడానికట్రా? నేను రాను. మీ నాన్న ఫ్లాయిడ్ ఉంటే నిన్ను కట్టేసేవాడు."

"సరే, నువ్వు లోపలే ఉండమ్మా. అమ్మకేం, పడుకుంటే తెల్లారేదాకా లేవదు" అన్నాడు వెర్లిన్ అందరితో.

లోర్నా మొగుడి వంక చూసింది. వెటకారం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు.

ఇంకో సలహా మెర్ల్ వెళ్తూ వెళ్తూ ఇచ్చాడు. ఇంటి కుళాయి జోరుని పాత ట్రైలర్ గొట్టాలు తట్టుకోలేవు, మధ్యలో నీటి ఉధృతి తగ్గించే ఇత్తడి ముక్క ఒకటి బిగించాలి అని. "సోమవారం కొంటాలే" అన్నాడు వెర్లిన్. సాయంత్రం తోట గొట్టం తెచ్చి తగిలించి, కుళాయి బార్లా తిప్పాడు. సింకు కింద ఫట్‌మని శబ్దం. చూస్తుండగానే బల్ల మంచమూ బెంచీ పరుపూ ముద్దయిపోయాయి.

"తువ్వాళ్ళు! తువ్వాళ్ళేవీ?" అని అరుస్తూ వెర్లిన్ ఆ వంద మైళ్ళూ నాలుగు అంగల్లో దాటేసి ఇంట్లో పడ్డాడు. తిరిగొచ్చేసరికి చాలాసేపు పట్టింది. తువ్వాళ్ళు తియ్యగానే గంట మోగిందట. దిండు సర్దమందట. సర్దితే అలా కాదందట. లోర్నా నీళ్ళు తుడిచింది.

తడవని పరుపు చివరి పెద్ద మంచం మీదదొక్కటే మిగిలింది. బంగాళాదుంపల సలాడ్, గుడ్డు శాండ్‌విచ్‌లు మెట్టు మీద కూర్చుని తిన్నారు. ఉప్పు మర్చిపోయారు, చప్పగానే తిన్నారు.

"నువ్వే ఇక్కడ పడుకో" అన్నాడు వెర్లిన్ తల గోక్కుంటూ. "నేను ఎలాగూ గీత దాటేశాను. ఒక్కరైనా పరీక్ష నెగ్గాలి కదా."

"అయితే నా మంచం మీద పడుకో. చెవి మిషన్ తియ్యకు."

"ఎందుకు?"

"తియ్యకు, అంతే."

లోర్నా పడుకునేసరికి ఎండ ఇంకా మొక్కజొన్న చేల మీద ఉంది. కిటికీలోంచి గడ్డి కోసే మిషన్ నూనె, పచ్చగడ్డి కలిసిన వాసన వస్తోంది. నడుము వాల్చిందో లేదో, ఇంట్లోంచి గంట. తనకి తెలియకుండానే కాళ్ళు కిందికి దిగి చెప్పులు వెతుక్కున్నాయి. ఇల్లు వంద మైళ్ళ దూరం, అనుకుంది. మంచం అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. గంట మళ్ళీ మోగింది. "వస్తున్నా, వస్తున్నానమ్మా" అని వెర్లిన్ గొంతు. లోర్నా ఒక్కొక్క కాలే పైకి తీసుకుంది. పాపం అనిపించింది. ఎవరు పాపమో తేల్చుకునేలోపే నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి ఆదివారం ఎండ మొహం మీద పడుతోంది. రోడ్డు మీద, కార్లెక్కని పాతకాలం పద్ధతి క్రైస్తవులు ప్రార్థనకి పోయే గుర్రబ్బండ్ల చప్పుడు. తనెక్కడుందో లోర్నాకి కాసేపు అర్థం కాలేదు. ఒళ్ళంతా ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు తేలిగ్గా ఉంది. తలుపు తీస్తే మెట్టు మీద వెర్లిన్ కూర్చున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, భుజం మీద ఆపిల్ గుజ్జు ఎండిపోయి ఉంది. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"రోజూ ఇంతేనా?" అన్నాడు తల ఎత్తకుండా.

"నిన్న నయం. చలికాలం ఇంకా ఎక్కువ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వు వయసన్నావు."

వెర్లిన్ మెట్టు మీద కాస్త జరిగాడు. లోర్నా పక్కన కూర్చుంది. చాలా రోజుల తర్వాత కోపం వచ్చింది, రాత్రి నిద్ర పట్టిన పుణ్యం. తిట్టాలనుకుంది. ఆ తిరగేసిన చొక్కా చూసి మానేసింది.

"విను" అంది. "ఆవిణ్ణి లేపేటప్పుడు ఎడమవైపు నిలబడు, ఆ మోకాలు మడతపడిపోతుంది. కాలు కింద పెట్టకముందే చెప్పులు అక్కడుండాలి. తొందరపెట్టకు, తొందరపెడితే బిగుసుకుపోతుంది. ఏం కావాలమ్మా అని అడగకు, తిడుతుంది. ఏ దుప్పటి కావాలని అడుగు. మాత్ర ఆపిల్ గుజ్జులో పెట్టి, ముందు ఉత్త గుజ్జు ఒక చెంచా తినిపించు."

"ఉమ్మేసింది నా మీద."

"తెలుస్తూనే ఉంది. ఇంకోటి. తెల్లవారుజామున నిన్ను మీ నాన్న అనుకుంటుంది. ఫ్లాయిడ్ అని పిలుస్తుంది. నన్ను కూడా అలాగే పిలుస్తుంది ఒక్కోసారి. కాదనకు."

వెర్లిన్ కప్పులోకి చూశాడు. "పిలిచింది. నాన్న పోయాడు కదమ్మా, నేను వెర్లిన్‌ని అన్నాను." కప్పు మెట్టు మీద పెట్టాడు. "అప్పుడే పోయినట్టు ఏడ్చింది లోర్నా. తెల్లారేదాకా ఏడ్చింది."

ఎదురింటి వాకిట్లో మెర్ల్ చెయ్యి ఊపుతూ కేకేశాడు. "ఏరా, మకాం ఎలా ఉంది? ఏం తక్కువైంది?" ఇద్దరి మొహాలూ చూసి మెర్ల్, మొదటిసారి, ఏ సలహా ఇవ్వకుండా లోపలికి పోయాడు.

ఇంట్లో గంట మోగింది. లోర్నా లేవబోయింది. వెర్లిన్ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, తను లేచాడు.

"నీకు వంద మైళ్ళు" అన్నాడు. "మకాం ఎత్తేదాకా."

"ఎప్పుడెత్తుతావు?"

"నేర్చుకున్నాక."

అతను నడుం పట్టుకుని మెట్లెక్కుతుంటే చూస్తూ కూర్చుంది. కిటికీ తెరిచే ఉంది. "ఫ్లాయిడ్? వచ్చావా?" అంది ముసలావిడ గొంతు.

లోర్నా కిటికీ వైపు తల తిప్పింది.

"ఆఁ. వచ్చాను ఆర్డిత్" అన్నాడు వెర్లిన్. "ఏ దుప్పటి కప్పను?"

లోర్నా ట్రైలర్ తలుపు దగ్గరికి లాక్కుని, మళ్ళీ వెళ్ళి పడుకుంది.