గేటు ముందు విస్తళ్లు

"ఈ ఫోటోలో ఉన్నది మీరే కదా?"

బీడీ కంపెనీ లాయరు తన ఫోను అక్కయమ్మ ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టి అడిగాడు. కోర్టు హాల్లో వెనక బల్లల మీద మేమంతా, బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేట బీడీ కార్మికులం, వింటున్నాం. ఫోటో పోయిన మహాలయ అమావాస్యది. చనిపోయిన మొగుడు వెంకటరామప్ప పటం ముందు అరిటాకు వేసి, అన్నం, కూర, వడలు వడ్డించి, పక్కన ఆయనకిష్టమైన బీడీ కట్ట పెట్టి దండం పెడుతోంది అక్కయమ్మ.

"మా బీడీలు తాగే క్యాన్సరొచ్చి చచ్చాడని దావా వేశారు. చచ్చినవాడికీ అదే బీడీ పెట్టారే! తప్పు కంపెనీదా, మీదా?"

అక్కయమ్మ తల వంచుకుని బోను దిగి వచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దలకు ఇష్టమైనది పెట్టడం ఎవరింట్లో లేదు? ఆ లాయరు వాళ్లింట్లో పెట్టరా?

మర్నాడు యూనియన్ షెడ్డులో మీటింగు. కంపెనీ మేస్త్రి మోహన్‌కుమార్ అప్పటికే వీధంతా చాటేశాడు. దావా వెనక్కి తీసుకోకపోతే మా అందరికీ చుట్టడానికి ఆకూ పొగాకూ ఇవ్వడం బందేనట.

"వదిలేయక్కా," అంది సౌభాగ్య. "పోయినోడు తిరిగొస్తాడా? మా పొయ్యి ఎట్లా మండాల?"

"నీ మొగుడు దేంతో పోయినాడే?" అంటూ లేచింది రక్షిత.

సౌభాగ్య ముఖం మాడిపోయింది. "దగ్గి దగ్గి పోయినాడు," అంది. "నేనూ బీడీ పెట్టినాను పటం ముందర. ముట్టించి మరీ పెట్టినాను."

"నేనూ పెట్టినాను."

"మా నాయనకి నేనూ."

షెడ్డంతా అదే మాట. అక్కయమ్మ గొంతు అప్పుడు లేచింది.

"వాళ్లకి ఈ పాడు అలవాటు చేసిందెవురు? షిఫ్టు దిగి గనిలోనించి పైకొచ్చినోళ్లకి గేటు కాడ ఊరికే కట్టలు పంచిందెవురమ్మా? మనమా? నా మొగుణ్ణి నేనే చంపుకుంటినని ఒప్పుకుని దావా వదిలేసేదా? నా పానం పోయినా వదల్ను!"

కరపత్రం వేద్దామన్నాను నేను. నా మాట ఎవరు విన్నారు!

"ఈ ఏటి అమావాస్యకి ఇంట్లో పెట్టొద్దు," అంది సౌభాగ్య. "కంపెనీ గోడౌను కాడ పెడదాం."

అమావాస్య పొద్దున గోడౌను గేటుకు అడ్డంగా అరిటాకులు పరిచాం. ఒక్కో ఆకు వెనక ఒక్కో పటం, పటం పక్కన ఆ ఇంటి ఆడది. ఏ ఆకులోనూ బీడీ లేదు. లోపల సరుకు లారీ హారన్ మోగుతూనే ఉంది. మోహన్‌కుమార్ రంకెలు వేశాడు. ఎస్సై జీపు దిగాడు.

"తీస్తారా, కేసు పెట్టమంటారా?"

"పెద్దోళ్లకి పెట్టిన ఆకులు సార్," అంది అక్కయమ్మ. "తొక్కేవాళ్లు రాండి."

కానిస్టేబుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్క బూటు కూడా కదల్లేదు. లారీ డ్రైవరు మునేష్ ఇంజను ఆపి, కిందికి దిగి చెప్పులు విడిచాడు.

"తోలరా!" అని అరిచాడు మోహన్‌కుమార్.

"వీటి మీద తోలితే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తాదా సార్?"

చివరికి పోలీసులు ఆకులు తొక్కకుండా ప్రహరీ పక్కనుంచి చుట్టి వచ్చి, అక్కయమ్మను రెక్క పట్టుకుని వ్యాను ఎక్కించారు. వెంకటరామప్ప పటం దగ్గర ఎవరూ లేరు. సౌభాగ్య లేచి, తన మొగుడి పటం, ఆకు తీసుకెళ్లి దాని పక్కన పెట్టి, రెండు ఆకుల ముందూ తానే కూర్చుంది.

"నువ్వు పోక్కా!" అని వ్యానుకేసి అరిచింది. "రేపే నేనూ దావా వేస్తా. బీడీ పెట్టిన ఫోటో ఆ లాయరు వెతికేది వద్దు. నేనే కోర్టుకి తెస్తా!"

"నేనూ తెస్తా!" అంది రక్షిత.

ఆ మాట గేటు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోయింది.