తలుపు బందుల దగ్గర

ఇరవై రెండేళ్లుగా నేను ఫిజిక్స్ చెబుతున్నాను. నా తోడికోడలు మా బడిలో చేరి ఐదు నెలలు కాలేదు, అప్పుడే పిల్లలంతా ఆవిడ భజన. బెల్టు వదులైన కుట్టుమిషన్ తెచ్చి ఘర్షణ చెప్పిందట, తడిగుడ్డ ఆరేసి బాష్పీభవనం చెప్పిందట. అవును, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. సూత్రం నోటికి రాకుండా ఈ గారడీ ఏమిటి?

అంతవరకైతే ఓర్చుకునేదాన్నే. మొన్న నా కూతురే నా ముందు కాగితం పెట్టింది. నా సెక్షన్ నుంచి పిన్ని సెక్షన్‌కి మార్చమని దరఖాస్తు.

"నువ్వు చెప్పేది నాకు ఎక్కట్లేదమ్మా. శుక్రవారం లోపల ఇచ్చెయ్యాలి, సంతకం పెట్టు."

"బలభ్రామకం అంటే బలం ఇంటూ ఇరుసు నుంచి దూరం అని నలభైసార్లు రాయించాను కదే."

"రాశాను. అర్థం కాలేదు."

కాగితం మడిచి దాని చేతికే ఇచ్చేశాను. సంతకం పెట్టలేదు.

శుక్రవారం అది ఆటల పీరియడ్ ఎగ్గొట్టి పిన్ని క్లాసులో కూర్చుంది. ఉండబట్టక వెళ్ళాను. తలుపు మూసి ఉంది. అది వరండాలోకి తెరుచుకునే తలుపు, గడియ వైపు చిన్న అద్దం ఉంది. కనబడకూడదని బందుల వైపు నక్కాను.

"ముందు బందుల దగ్గర తొయ్యాలి, కదలదు. తర్వాత ఈ చివర తొయ్యాలి, ఒక్క చెయ్యి చాలు. ఎవరొస్తారు?" అంటోంది తోడికోడలు.

"నేనొస్తా పిన్నీ." నా కూతురే.

నా బుద్ధి గడ్డి తింది. ఆవిడ పాఠం అందరి ముందూ అభాసుపాలు కావాలని, నిలబడ్డచోటే తలుపుకు భుజం ఆనించి బలమంతా పెట్టాను.

నా కూతురు లోపల్నుంచి బందుల దగ్గర తోసింది, కదలలేదు. చివర తోసింది. తలుపు నన్ను నెట్టుకుంటూ తెరుచుకుంది. నేను వరండాలో చతికిలబడ్డాను.

"అయ్యో అక్కయ్యా, దెబ్బ తగిలిందా?" తోడికోడలు చెయ్యి అందించింది. పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు.

నా కూతురు మాత్రం తలుపు చివర చూసి, నేను ఆనుకున్న చోటు చూసింది.

"బందుల దగ్గర ఎంత బలం పెడితే ఏం లాభమమ్మా? ఇరుసుకి దూరం లేదు కదా. అందుకే నేను గెలిచాను."

నలభైసార్లు రాయించిన వాక్యాన్ని మొదటిసారి దాని సొంత మాటల్లో విన్నాను.

"ఆ కాగితం తే," అన్నాను బట్టలు దులుపుకుంటూ.

ఆవిడ మీద ఏడుపు తగ్గిందనుకునేరు, వీసమెత్తు తగ్గలేదు. తోడికోడలు పెన్ను ఇవ్వబోయింది. అక్కర్లేదని చెప్పి, ఆ తలుపుకే కాగితం ఆనించి, నా పెన్నుతోనే సంతకం పెట్టాను.