తలుపులమ్మ లేసులో పడ్డ ముడి

పొద్దున్న తొమ్మిదింటికల్లా తలుపులమ్మ వంటిల్లు కడిగేసి, గుమ్మం పక్కన చాప పరుచుకుని లేసు సూది అందుకునేది. ఆ వేళకి అరుగు మీద ఇద్దరో ముగ్గురో కాగితాలు పట్టుకుని కూర్చునుండేవారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఎదురుగా కూర్చుని ఎవరేది చదివినా సూది దాన్ని అల్లుకుంటూ పోయేది, అందులో తప్పున్న చోట దారం ముడి పడేది. చిట్టియ్య పొలం దస్తావేజు చదివి వినిపిస్తే సరిహద్దుల దగ్గర ముడి పడింది, మర్నాడే సర్వేయరుని వెంటబెట్టుకొచ్చాడు. ఇంటర్ చదివే ఆశాజ్యోతి లెక్కలన్నీ వినిపించుకునే కాలేజీకి పోయేది. లేసు పట్టుకెళ్ళే ఏజెంటు ఒక్కడే విసుక్కునేవాడు, "ముడులున్నవి నాకొద్దండీ తలుపులమ్మగారూ, అవి ఊళ్ళోవాళ్ళకే ఉంచండి" అని. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళు వేలమంది ఉంటారు, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఉంటుంది మరి.

ఆవిడ కోడలు లక్ష్మీదుర్గ. కోడలంటే బయటి పిల్లేం కాదు, సొంత అన్నకూతురే. భీమవరంలో ఎలక్ట్రానిక్స్ డిప్లమా చేసొచ్చి, ముందుగదిలో బల్ల వేసుకుని రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లకుండే స్టార్టర్లు బాగుచేసేది. మొగుడు వీరబాబుని పెళ్ళయిన నాలుగేళ్ళకి కూడా బావా అనే పిలుస్తుంది.

వీరబాబు రెండెకరాల చెరువు చేస్తున్నాడు. చెరువంటే మాటలా అండి! నీళ్ళలో ఏరేటర్లు తిరుగుతున్నంతసేపే రొయ్య ప్రాణంతో ఉంటుంది. కిందటేడు వానల్లో మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయి మోటార్లన్నీ ఆగిపోయాయి. మూడు రోజులుగా రెప్ప వెయ్యని వీరబాబు సరిగ్గా ఆ గంటే షెడ్డులో కునుకు తీశాడు. లేచి చూసేసరికి చెరువంతా తెల్లగా తేలిపోయింది. ఈ ఏడు మళ్ళీ రొయ్యపిల్ల వేశాడు గానీ, నిద్రన్నది మానేశాడు. కళ్ళు ఎర్రగా చేసుకుని ఒకరోజు అన్నం దగ్గర అనేశాడు.

"ఈ పంట కూడా పోతే చెరువు వదిలేస్తానమ్మా. నాన్నలాగే వేటకి పోతా."

వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్ళి తిరిగిరాలేదు. తలుపులమ్మ కొడుకు కంచంలో చారు పోసి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంక సూది ముట్టుకోలేదు.

దుర్గ దగ్గర ఒక ఉపాయం ఉంది. ఫేజు పోగానే సైరన్ మోగించి, ఫోనుకి కాల్ చేసే బోర్డు. సర్క్యూట్ అంతా నోటుపుస్తకంలో గీసిపెట్టుకుంది. కానీ బోర్డులు తయారుచేసే కంపెనీకి పుస్తకంలో బొమ్మ పంపితే పని జరగదు, కంప్యూటర్లో డిజైన్ చేసి ఆ ఫైలు పంపాలి. శనివారంలోగా పంపితే వానలు దిగేముందు బోర్డులొస్తాయి, లేకపోతే ఆ తర్వాతి విడతే. అప్పటికి కరెంటు కిందటేటి ఆటలు మొదలెడుతుంది.

కాలేజీలో వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనే తాహతు లేదు. ఊరికే ఇచ్చే ఓపెన్ సోర్స్‌ది ఒకటుందని తెలుసు. అదేమో దుర్గ కంప్యూటర్లోకి ఎక్కనంది. మూతపడ్డ రొయ్యల మేత ఆఫీసు నుంచి తెచ్చుకున్న పాత మిషన్ అది, సిద్ధంగా ఉన్న ప్యాకేజీ ఏదీ దానికి సరిపడలేదు. ఇక మిగిలిన దారి సోర్స్ కోడ్ తెచ్చుకుని అక్కడే బిల్డ్ చేసుకోవడం.

"అంటే ఏంటే?" అంది తలుపులమ్మ.

"వండిన అన్నం కాదత్తా, వడ్లిస్తారు. దంచుకుని, చెరుక్కుని, మన పొయ్యికి తగ్గట్టు మనమే వండుకోవాలి."

"వడ్లు ఊరికే ఇస్తారా! ఎంత మంచోళ్ళే" అని బుగ్గలు నొక్కుకుంది ఆవిడ.

సోమవారం మొదలెట్టింది. ఒక్కో బిల్డుకి అయిదేసి గంటలు. తెరమీద లైన్లు చీమల బారులా పోతూనే ఉండేవి. తొంభై ఏడు శాతం దగ్గర ఎర్రటి అక్షరాలు పడి ఆగిపోయింది. చివరి లైను చూసి ఏదో మార్చి మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. మంగళవారం నడుమలో కరెంటు పోయింది. బుధవారం మధ్యాహ్నానికి మళ్ళీ అదే తొంభై ఏడు. దుర్గ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. గడప దాటింది గానీ గట్టెక్కలేకపోతోంది పాపం.

అరుగు మీదవాళ్ళందర్నీ పంపించేసి తలుపులమ్మ చాప తెచ్చి ముందుగదిలో పరుచుకుంది.

"చదువు."

"నాలుగువేల లైన్లున్నాయత్తా. ఆగింది చివర్లో కదా, ఆ నాలుగు ముక్కలూ చదువుతాను."

"అంచు మెలితిరిగిందని అంచు విప్పితే ఏం లాభమే పిచ్చిదానా? ఎక్కడో మూడో వరసలో ఒక గొలుసు తప్పుంటుంది. మొదట్నించీ చదువు."

దుర్గ చదవడం మొదలెట్టింది. చుక్కలు, గీతలు, నోరు తిరగని పేర్లు. అవన్నీ ఈవిడ సూదికి ఒక లెక్కా? సాయంత్రం చదివారు, గురువారం తెల్లవారగానే ఆపిన చోటి నుంచి మళ్ళీ చదివారు. మూడువందల పదకొండో లైను దగ్గర దారం ముడి పడింది.

ఆ లైనులో ఎర్రటిదేం లేదు. వంటలో దినుసులాంటి ఫలానా లైబ్రరీ ఒకటి దొరికింది, వాడుకుంటున్నాను అని ఒద్దికగా రాసుంది. దొరికింది అని ఉంది కదా అని దుర్గ దాన్ని ప్రతిసారీ సంతోషంగా దాటేసింది. ఇప్పుడు పరకాయించి చూస్తే దొరికింది పాతది! నెల కిందట వేరే ప్రయత్నంలో తనే చేత్తో పెట్టి మరిచిపోయిన లైబ్రరీ. కొత్తది పక్కనే ఉన్నా మిషన్ దీన్నే పట్టుకుని కూర్చుంటోంది.

"నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది" అని తల బాదుకుని పాతది తీసేసింది. మధ్యాహ్నం మూడింటికి నూరు శాతం అయ్యింది. తెరమీద నల్లటి పలక తెరుచుకుంటే దుర్గ అత్తని కావలించుకుంది.

"ఉండవే, సూది గుచ్చుకుంటుంది! ఇంతకీ ఇది చేసిందెవరు? వాళ్ళ పేర్లేంటి?"

పేర్లన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. వందలమంది. ఏ ఊళ్ళో, ఏ అరుగుల మీద కూర్చుని రాశారో! దుర్గ ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివింది, తలుపులమ్మ ఒక్కొక్కటీ అల్లింది. పలకడం తప్పినచోట దారం కొంచెం ముడి పడబోతే, మళ్ళీ సరిగ్గా పలికించుకుని మరీ అల్లింది. అయ్యాక ఆ లేసుని దేవుడి గూట్లో పటం కింద పరిచింది. "మొహం చూడనివాళ్ళకి కూడా రుణపడి ఉంటామే. దణ్ణం పెట్టుకో" అంది. దుర్గ మనసారా పెట్టుకుంది.

గురువారం సాయంత్రం, శుక్రవారం అంతా బోర్డు గీసింది. తప్పులు చూసిపెట్టే మీట ఒకటుంది సాఫ్ట్‌వేర్లో, అది నొక్కితే తప్పులు సున్నా అని వచ్చింది. శనివారం పొద్దున్న ఫైలు పంపబోతుంటే తలుపులమ్మ చాప పట్టుకుని వచ్చేసింది.

"ఇది కూడా చదువు."

"సున్నా అని చెప్పింది కదత్తా. పన్నెండింటికి పంపెయ్యాలి."

"పంపుదువుగానిలే. ముందు చదువు."

ఏ తీగ ఎక్కణ్ణించి ఎక్కడికి, ఎంత వెడల్పు, పక్కదానికెంత దూరం, అన్నీ చదువుతూ పోయింది. సూది సాఫీగా నడిచింది. కరెంటు లైనుకీ, చెరువు గట్టునుండే ఇనపపెట్టెకి బోర్డుని బిగించే స్క్రూకీ మధ్య దూరం చదివేసరికి ఠక్కున ముడి పడింది. చిన్న ముడి కాదు, సూది కదల్లేదు.

దుర్గ విసుగ్గా చూసింది, చూసి చల్లబడిపోయింది. మామూలు తీగలకుంచే దూరమే అక్కడా ఉంచేసింది, మిల్లీమీటరులో అయిదో వంతు. తను పెట్టిన కొలత ప్రకారం చూసి సున్నా అంది సాఫ్ట్‌వేర్, దానిదేం తప్పు? కానీ చెరువు గట్టు మీద గాలే ఉప్పు. ఆ సందులో తడి చేరితే కరెంటు స్క్రూలోకి దూకుతుంది, స్క్రూలోంచి పెట్టెకొస్తుంది. ఎర్తు కడ్డీ తుప్పుపట్టి ఎప్పుడో పోయింది. పూటకి పదిసార్లు తడి చేతుల్తో ఆ పెట్టె ముట్టుకునేది వీరబాబు.

ఆ తీగని స్క్రూకి దూరం జరిపింది. తడి మీదుగా కరెంటు దాటకుండా మధ్యలో బోర్డుని చీలుస్తూ ఒక గాడి కూడా గీసింది. మళ్ళీ చదివింది. ముడి పడ్డ చోటు నుంచి తలుపులమ్మ విప్పి, మళ్ళీ అల్లింది, చివరిదాకా సాగింది. పదకొండు ముప్పావుకి ఫైలు వెళ్ళింది.

బోర్డులొచ్చాయి, బిగించారు. ఆషాఢంలో ఒక సాయంత్రం దుర్గ మొగుడికి టీ పట్టుకుని చెరువు దగ్గరికెళ్ళింది. ముసురు పట్టి ఉంది. వీరబాబు నడుంలోతు నీళ్ళలో మేత ట్రే చూస్తున్నాడు. ఉన్నట్టుండి సైరన్ కూసింది, ఏరేటర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ గట్టెక్కి వచ్చాడు, కాలు బురదలో జారింది, పడిపోకుండా అరచేతిని ఆ ఇనపపెట్టెకి ఆనించి నిలబడ్డాడు.

దుర్గ చేతిలో టీ ఒలికిపోయింది.

అతను పెట్టెకి అలాగే ఆనుకుని ఒకటి రెండు ఊపిర్లు తీసుకున్నాడు. పరిగెత్తి జనరేటర్ వేశాడు. ఏరేటర్లు మళ్ళీ నీళ్ళు చిమ్మాయి, అడుగున రొయ్య అడుగునే ఉండిపోయింది.

"బతికిపోయాం దుర్గా! నీ బోర్డు భలే చెప్పిందే!" అంటూ నవ్వుతూ వచ్చాడు. ఆమె అతని కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూస్తూ ఉండిపోయింది. బురద తప్ప ఏమీ లేదు అందులో.

"ఏంటే, ఏడుస్తున్నావా? పంటకేం కాలేదు కదా?"

"పంటకి కాదు బావా" అంది, ఆ చెయ్యి వదలకుండా.